నేను బో కుట్టను

జాకెట్లు కుడతాను, లంగాలు కుడతాను, చీరలకు ఫాల్ వేస్తాను, చిరిగిన స్కూలు సంచులకు కుట్లు వేసి ఇస్తాను. చిన్నపిల్లవాడి మెడకు బో కుట్టమంటే మాత్రం కుట్టను. గోదావరిఖనిలో మా సందులో అందరికీ ఈ సంగతి తెలుసు. ముసలిదానికి తిక్క అంటారు. అననీ, నాకేం పోయింది.

మొన్న ఒకమ్మాయి వచ్చింది. ఈ మధ్యనే ఎదురు వరుసలో అద్దెకు దిగినట్టుంది, నా తిక్క సంగతి తెలియదు. వెంట నాలుగైదేళ్ల కొడుకు. ఎల్లుండి వాడి స్కూల్లో ఫంక్షనట, ఫోనులో ఆర్డర్ పెట్టిన బో ఇంకా రాలేదట. ఎర్ర శాటిన్ ముక్క ఒకటి నా మిషన్ బల్ల మీద పెట్టి, ఫోనులో బొమ్మ చూపించింది. "చిన్నదే గద ఆంటీ, అయిదు నిమిషాల పని," అంది. కుట్టనన్నాను. ఎందుకని అడిగింది. రాదన్నాను. గోడకు వేలాడుతున్న జాకెట్ల వైపు ఒకసారి, నా మొహం వైపు ఒకసారి చూసి, పొగరనుకుందో ఏమో, పిల్లవాణ్ణి లాక్కుని వెళ్లిపోయింది. వాడు పోతూ పోతూ నా మిషన్ చక్రాన్ని ఒక్క తిప్పు తిప్పి పోయాడు.

రాదన్నది అబద్ధం. బో ఎట్లా కుడతారో నాకు పన్నెండేళ్లప్పుడే తెలుసు. మా అమ్మ మా తమ్ముడి కోసం బో కుడుతుంటే, పక్కన కూర్చుని సూదిలోకి దారం ఎక్కించింది నేనే. కుట్టింది కూడా ఈ మిషన్ మీదే. ఆ అమ్మాయి పోయాక ఎంతసేపు ప్రయత్నించినా దారం ఎక్కలేదు. షట్టరు సగం దించి కూర్చున్నాను.

ఇందులో ఎవరి పేరూ రాయను. మా బతుకు ఒక పేరు దగ్గరే తలకిందులైంది, అందుకని.

అప్పుడు మేము బొగ్గు కంపెనీ క్వార్టర్లో ఉండేవాళ్లం. ఇప్పుడు ఆ క్వార్టర్లు లేవు. ఓపెన్‌కాస్టు గని కోసం ఆ నేలంతా తవ్వేశారు. రెండు గదులు, వెనక చిన్న వాకిలి, వాకిట్లో బొగ్గుల పొయ్యి. సాయంత్రమైతే మా క్వార్టర్ల లైనులో ఉన్న వాకిళ్లన్నిట్లో పొయ్యిలు ముట్టించేవారు. ఆ పొగకు కళ్లు మండేవి, ముక్కులు నల్లబడేవి. తిట్టుకుంటూనే అందరం ఆ పొయ్యిల చుట్టూ చేరేవాళ్లం, ఎందుకంటే వాటి మీద సర్వపిండి కాలుతుండేది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కారం కలిపి, గిన్నె అడుగున ఒత్తి, వేలితో బొక్కలు పెట్టి, నూనె పోసి అమ్మ కాల్చేది. అడుగు కొద్దిగా మాడితేనే దానికి రుచి. ఆ మాడిన ముక్క కోసం నేనూ తమ్ముడూ జుట్లు పట్టుకునేవాళ్లం.

సైరన్ మోగిన కాసేపటికి బాపు, అంటే మా నాన్న, వచ్చేవాడు. ఎంత రుద్ది స్నానం చేసినా కళ్ల చుట్టూ బొగ్గు కాటుకలాగా మిగిలిపోయేది. వస్తూ వస్తూ జేబులోంచి రంగురంగుల వైరు ముక్కలు తీసి ఇచ్చేవాడు. గనిలో మందు పెట్టి పేల్చాక మిగిలే వైర్లవి. వాటితో అమ్మ సంచులు అల్లేది, నేను ఉంగరాలు చేసుకునేదాన్ని, తమ్ముడేమో పక్క క్వార్టర్లో ఉండే కాక వాళ్ల మేకపిల్లకు కాళ్ల కడియాలు చేసేవాడు. ఆ కాక మాకు రక్తసంబంధం కాదు. బాపుతో ఒకే షిఫ్టు, ఒకే పని. మా ఇంట్లో సర్వపిండి అయిందంటే గోడ మీంచి చెయ్యి చాచేవాడు.

బొగ్గు గనిని మావైపు బాయి అంటారు. నీళ్లున్నా లేకున్నా బాయే. "బాయి మీదికి పోయిండు" అంటే డ్యూటీకి పోయాడని. ఆ బాయిలో మా బాపుకు వేరే పేరు ఉండేది.

మాది కమాన్‌పూర్ వైపు ఊరు. మా ఊరివాడే ఒకడికి బాయిలో పని దొరికింది. మొదటిరోజు లోపలికి దిగాడు, పైకప్పు చిటపటమన్న చప్పుడు విన్నాడు, పైకి వచ్చి చెప్పులు కూడా వేసుకోకుండా ఊరికి పరుగు తీశాడు. చంపినా మళ్లీ దిగనన్నాడు. మరునాడు పొద్దున హాజరు పిలిచేటప్పుడు వాడి పేరు పిలిస్తే, మా బాపు ముందుకొచ్చి "ఉన్న" అన్నాడు. ఆ కాలంలో ఎవరు ఎవరో చూసేవాళ్లు లేరు. తట్ట నింపే చేతులుంటే చాలు. అట్లా ఆ పేరుతోనే బాపు పర్మినెంటు అయ్యాడు. క్వార్టరు ఆ పేరు మీదే, దవాఖానలో ఆ పేరే, జీతం ఆ పేరుకే.

మా బాపు ఒక్కడే కాదు. లైనులో సగం మంది మగవాళ్లకు బాయి పేరు వేరు, ఊరి పేరు వేరు. ఒకాయన చచ్చిపోయిన అన్న పేరుతో దిగాడు, ఇంకొకాయన ఒక బాయిలో పని పోతే ఇంకో పేరుతో ఇంకో బాయికి వచ్చాడు. పక్క క్వార్టర్ కాకది వాళ్ల బావమరిది పేరు. ఇది తప్పని ఎవరూ అనుకునేవారు కాదు. పేరు ఎవరిదైతేనేం, బొగ్గు తవ్వి నల్లగా ఉమ్మేది వాళ్లే కదా. పిల్లలం మాకు కూడా మాటలతోపాటే ఈ సంగతి వచ్చేసేది. గడప దాటితే బాయి పేరు, గడప లోపల ఊరి పేరు. పొయ్యి మీద చెయ్యి పెట్టకూడదని ఎప్పుడు నేర్చుకున్నామో గుర్తుంటుందా? ఇదీ అంతే.

అన్నిటికంటే నవ్వొచ్చే సంగతి మా అమ్మది. మా అమ్మ మొగుడి పేరు చచ్చినా నోటితో అనేది కాదు. ఆ లైనులో ఏ ఆడదీ అనేది కాదు. కానీ బాయి పేరు మాత్రం ఎక్కడైనా గట్టిగా చెప్పేది, దవాఖాన కిటికీ దగ్గరైనా, రేషన్ దుకాణంలో అయినా. "పరాయోని పేరే గద, అంటే ఏమైతది," అని నవ్వేది. నీళ్ల నల్లా దగ్గర ఆడవాళ్లందరూ ఇదే మాట అనుకుని కడుపులు పట్టుకుని నవ్వేవారు.

అప్పుడే కాలనీ పక్కన కొత్తగా ఇంగ్లీషు స్కూలు పెట్టారు. తమ్ముణ్ణి అందులో వేశారు. నన్ను సర్కారు బడికే పంపారు, ఆడపిల్లకు ఇంగ్లీషు ఎందుకన్నారు. అది వేరే కోపం, దాన్ని ఇక్కడికి తేను. తమ్ముడికి అయిదేళ్లు. బుగ్గలు నిండుగా, నోట్లో మాట నిలవనివ్వడు. దారిన పోయే వాళ్లను ఆపి మరీ కబుర్లు చెప్పేవాడు. స్కూలు వార్షికోత్సవానికి కంపెనీ నుంచి పెద్ద సారు వస్తున్నాడని, ఆయనకు పూలగుత్తి ఇచ్చి మైకులో నాలుగు ఇంగ్లీషు ముక్కలు చెప్పడానికి మావాణ్ణి ఎంచుకున్నారు. నా పేరు ఇది, మా నాన్న పేరు ఇది, ఆయన బొగ్గు గనిలో పని చేస్తాడు, నేను పెద్దయ్యాక ఇంజనీర్ అవుతాను. అంతే. తెల్ల చొక్కా, నల్ల నిక్కరు, మెడకు ఎర్ర బో కావాలని టీచరు చెప్పి పంపింది.

మా ఇంట్లో ఆరోజు నుంచి పండగే. బాపు డ్యూటీ నుంచి రాగానే వాణ్ణి మంచం మీద నిలబెట్టి ఆ నాలుగు ముక్కలు చెప్పించుకునేవాడు. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, ఇంజనీర్ అన్న మాట ఒక్కటి తప్ప. ఆ మాట రాగానే కాకను గోడ మీంచి పిలిచి మళ్లీ మొదటి నుంచి చెప్పించేవాడు. కాక కూడా తల ఊపి, వీడు పెద్ద సారయితే మనకు లోపల ఏసీ పెట్టిస్తడు అనేవాడు.

బో సంగతి అమ్మకు అప్పగించారు. అమ్మ అంతకుముందు బోను దగ్గరగా చూసింది లేదు. పెళ్లిళ్లకు వచ్చే బ్యాండుమేళం వాళ్ల మెడలో ఉంటుందే అదా, అని బాపును అడిగింది. అదేనన్నాడు. ఎర్ర గుడ్డ కోసం ఇల్లంతా వెతికి, చివరికి పెట్టె అడుగు నుంచి ఒడిబియ్యంలో పుట్టింటివాళ్లు పెట్టిన జాకెట్టు గుడ్డ తీసింది. మెరిసే ఎర్రది. దాన్ని ఎన్నాళ్ల నుంచో కుట్టుకోకుండా దాచుకుంది. కత్తెర పెట్టే ముందు దాన్ని చెంపకు ఆనించుకోవడం నేను చూశాను.

మొదటిసారి కుట్టింది మడతపెట్టిన రొట్టెలా వచ్చింది. విప్పేసింది. రెండోసారి మిఠాయి పొట్లంలా వచ్చింది, రెక్కలు రెండూ కిందికి వాలిపోయాయి. లోపల గట్టిగా ఏదైనా పెట్టాలంది. అట్ట పెడితే చెమటకు మెత్తబడుతుందని, బాపు ఛాతీకి దవాఖానలో తీసిన పాత ఎక్స్‌రే ఫిల్ము దించింది. దాన్ని వెలుతురుకు పట్టుకుని చూస్తే బాపు పక్కటెముకలు తెల్లగా కనిపించేవి. తమ్ముడికి అది చూడటం మహా సరదా. ఆ ఫిల్ము మూలన బాయి పేరు రాసి ఉండేది. అమ్మ ముందుగా ఆ మూలను కత్తిరించి పొయ్యిలో వేసింది. "పిల్లగాని మెడల పరాయోని పేరెందుకు," అంది. పక్కటెముకల ముక్కనే గుడ్డ లోపల పెట్టి, చుట్టూ కుట్టి, నడుమ కుచ్చు పట్టి, సన్నని పట్టీతో చుట్టి బిగించింది. ఈసారి రెక్కలు నిటారుగా నిలబడ్డాయి. వెనక ఎలాస్టిక్ పెట్టింది. తమ్ముడు దాన్ని లాగి వదిలితే గొంతు మీద ఠప్పున కొట్టేది, వాడు కిలకిలా నవ్వేవాడు. ఆ సాయంత్రమే ఆ బో మేకపిల్ల మెడలో దొరికింది. అమ్మ వీపు మీద ఒకటి వేసి, బోను ఉతికి ఆరేసింది.

బాపు చూసి, "బ్యాండు మేళపోని లెక్క ఉన్నవ్ కొడుకా," అన్నాడు. అన్నాడు కానీ, వాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని లైను మొత్తం తిప్పుకొచ్చాడు.

వార్షికోత్సవం చూడటానికి ఊరి నుంచి బాపమ్మ వచ్చింది, బాపు తల్లి. నువ్వుల ముద్దలు, ఎల్లిపాయ కారం, మక్క పేలాలు మూట కట్టుకుని వచ్చింది. మనుమడు మాట్లాడతాడని ఊళ్లో అందరికీ చెప్పి వచ్చిందట. వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఏదీ చెప్పు బిడ్డా అంది. వాడు దిగి నిలబడి మొదలుపెట్టాడు. రెండో ముక్కలో బాయి పేరు రాగానే బాపమ్మ మొహం మారిపోయింది. ఇంగ్లీషు రాకపోతేనేం, పేరు పేరే కదా.

బాయి పేరు మాకు ఒట్టి చప్పుడు లాంటిది. బాపమ్మకు అట్లా కాదు. ఆ పేరున్న మనిషి, మొదటిరోజే బాయి నుంచి పారిపోయినవాడు, ఊళ్లో ఆమె పక్కింట్లో ఉన్నాడు. పొద్దున లేస్తే కల్లు, పొద్దు గూకితే కల్లు. పొలం గట్టు కాడ ఆమెతో రోజూ జగడం. అట్లాంటివాణ్ణి తన మనుమడు నిండు సభలో తండ్రి అని చెబుతాడా? ఒడిబియ్యం గుడ్డకు కత్తెర పెట్టారని అప్పటికే మండిపడుతోంది. ఇది తోడైంది.

"గా తాగుబోతోడు నా మనుమనికి అయ్య ఎట్లయితడే?" అని అమ్మ మీదికి లేచింది.

"అత్తా, గది బాయిల పేరు. ఆడ గట్లనే చెప్పాలె," అంది అమ్మ.

"నా కొడుక్కు నేను పేరు పెట్టలేదా?"

బాపు మధ్యలోకి వచ్చి, రెండు నిమిషాల మాట, ఎందుకే అవ్వా లొల్లి, అని సర్దిచెప్పాడు. బాపమ్మ మూట విప్పి మనుమడి చేతిలో నువ్వుల ముద్ద పెట్టింది. ఒప్పుకుందనుకున్నాం. మరునాడు పొద్దున నల్లా కింద తమ్ముడికి తలంటు పోస్తూ, వాడి చెవిలో ఏదో చెబుతూ ఉంటే నేను బకెట్లో నీళ్లు నింపుతున్నాను. నాకు వినపడింది. ఎవలన్న అడిగితే భయపడకు బిడ్డా, గది బాయిల పేరు, మా బాపు పేరు గిదీ అని చెప్పు, అని నేర్పుతోంది. ముసలామె మాటలు అనుకున్నాను. ఎవరడుగుతారు వాణ్ణి? పూలగుత్తి ఇచ్చి దిగొస్తాడు కదా.

ఆ సాయంత్రం స్కూలు షామియానా కింద లైను లైనంతా వచ్చి కూర్చుంది. ముందు వరుసలో కుర్చీలు ఆఫీసర్లకి, వెనక జంపఖానాలు మాకు. మగవాళ్లు మొదటి షిఫ్టు దిగి, స్నానాలు చేసి, తెల్ల చొక్కాలు వేసుకుని వచ్చారు. మల్లెపూల వాసన, కొబ్బరినూనె వాసన, దాని కింద ఎప్పుడూ ఉండే బొగ్గు వాసన. తమ్ముడు స్టేజీ మీదికి ఎక్కాడు. మెడలో బో నిటారుగా నిలబడి ఉంది. పూలగుత్తి ఇచ్చాడు. మైకు కిందికి వంచితే నాలుగు ముక్కలూ ఒక్క అక్షరం పోకుండా చెప్పాడు. చప్పట్లు. బాపు నిలబడి మరీ కొట్టాడు. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

అక్కడితో అయిపోవాల్సింది. పెద్ద సారుకు వాడు ముద్దొచ్చాడు. మంచి మనిషే కావచ్చు, ఆయన్ని ఏమీ అనను. వాణ్ణి దగ్గరికి తీసుకుని, మైకు అక్కడే ఉండగా, తెలుగులో, మీ నాన్న పేరు ఇంకోసారి చెప్పు నాన్నా, నాకు సరిగ్గా వినపడలేదు, అన్నాడు.

ఎవరన్నా అడిగితే ఏం చెప్పాలో తమ్ముడికి నేర్పి పంపారు కదా.

"గది బాయిల పేరు సార్," అన్నాడు వాడు. ఆ తర్వాత మా బాపు ఊరి పేరు చెప్పాడు. మైకులో ఎంత బాగా వినిపించిందో.

నవ్వులు వచ్చాయి. పెద్ద సారూ నవ్వాడు. అయితే మీ నాన్నకు రెండు పేర్లా, అన్నాడు.

"అందరికుంటయి సార్," అన్నాడు తమ్ముడు. "మా కాకకు గూడ ఉన్నది. మా లైన్ల అందరికి రెండు పేర్లుంటయి."

నవ్వు ఆగిపోయింది. జంపఖానాల మీద కూర్చున్న మగవాళ్లు ఎవరూ కదల్లేదు. ముందు కుర్చీల్లో ఒక ఆఫీసరు పక్క ఆఫీసరు చెవిలో ఏదో అన్నాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది, గాజులు నా మణికట్టులో దిగబడ్డాయి. బాపమ్మ ఒక్కతే నవ్వుతోంది, కొడుకు పేరు మైకులో విన్నానని. స్టేజీ మీద తమ్ముడు మా వైపు చూసి, చప్పట్లు ఎందుకు కొట్టడం లేదో అర్థంకాక, బోను లాగి వదిలాడు. ఆ ఠప్పుమన్న చప్పుడు కూడా మైకులో వచ్చింది.

మరునాడు ఆఫీసు నుంచి బాపుకు పిలుపు వచ్చింది. ఆ తర్వాత ఇంకోసారి. లైనులో మాట మారిపోయింది. నల్లా దగ్గర అమ్మ బిందె పెడితే పక్కవాళ్లు బిందెలు తీసేసుకున్నారు. పిల్లగాణ్ణి అదుపులో పెట్టుకోలేనోళ్లకు పిల్లలెందుకు అని ఒకావిడ వినేటట్టే అంది. నిన్నటిదాకా వాణ్ణి ఎత్తుకు తిరిగిన ఆడవాళ్లే.

అప్పుడు కాక మా ఇంటికి వచ్చాడు. గోడ మీంచి కాదు, ముందు తలుపు నుంచి వచ్చాడు. అమ్మ సర్వపిండి పెడితే ముట్టుకోలేదు.

"అన్నా, పోరడు నోరు జారిండు. గిప్పుడు ఏం జేసినా అది వాపస్ రాదు," అన్నాడు. "నువ్వొక్కనివి ఒప్పుకో. మిగిలినోళ్లది నాకు తెల్వదు, పోరడు ఉత్తగ అన్నడు అని చెప్పు. లేకపోతే లైన్లకు లైన్లే లేసిపోతయి. నీ పిల్లలు మా పిల్లలు గాదా? మేం సూసుకుంటం."

అమ్మ తలుపు వెనక నుంచి వద్దన్నట్టు తల ఊపింది. బాపు కాక మొహం వైపు చూడలేదు. కాక ముట్టుకోని సర్వపిండి పళ్లెం ఆయన వైపు ఇంకొంచెం జరిపాడు.

"సరే తమ్మీ," అన్నాడు.

ఆఫీసులో అట్లానే చెప్పాడు. నేనొక్కణ్ణే, ఇంకెవరి సంగతీ తెలియదు అన్నాడు. వాళ్లకు కూడా ఆ మాటే కావాల్సి వచ్చిందేమో, ఇంకెవరినీ పిలవలేదు. మా బాపును తీసేశారు. పరాయి పేరుతో పని చేశాడని. అన్నేళ్లు లోపల తవ్విన బొగ్గు పరాయివాడి లెక్కలోకి పోయింది, ఒంట్లోకి పోయిన బొగ్గు మాత్రం మా బాపుకే మిగిలింది.

క్వార్టరు ఖాళీ చేయమన్న రోజు తమ్ముడు ఆ బో తీసుకుపోయి పొయ్యిలో వేశాడు. గుడ్డ క్షణంలో కాలిపోయింది. లోపలి ఫిల్ము మాత్రం ముడుచుకుంటూ, బుసబుసమంటూ, ముక్కు పగిలే వాసనతో కాలింది. ఆ వాసన నాకు ఇప్పటికీ ఎక్కడైనా ప్లాస్టిక్ కాలిస్తే వస్తుంది. ఎందుకు వేశావురా అని అడిగాను. "అది మెడను పిసికింది అక్కా, గందుకే నోట్లెకెళ్లి మాట బయటికొచ్చింది," అన్నాడు. అయిదేళ్లవాడు కదా, తప్పు ఎవరి మీదన్నా వేయాలి. వాడు బో మీద వేశాడు.

సామానంతా ట్రాక్టరు మీదికి ఎక్కిస్తుంటే లైనులో ఒక్క తలుపు తెరుచుకోలేదు. పగటి పూట, నల్లా వచ్చే సమయం, ఖాళీ బిందెలు వరుసలో ఉన్నాయి, మనుషులు లేరు. కాక వాళ్ల ఇంట్లోంచి సర్వపిండి మాడుతున్న వాసన వస్తోంది, ఎవరూ దించడం లేదు. మేకపిల్ల ఒక్కటే కాళ్లకు వైరు కడియాలతో ట్రాక్టరు వెనకాల కొంత దూరం వచ్చింది. తమ్ముడు దానికి చెయ్యి ఊపాడు. బాపు వెనక్కి తిరిగి చూడలేదు.

ఊళ్లో బాపమ్మ మొదట్లో, "పోతే పోనియ్. గిప్పుడన్న నా కొడుకు పేరు నా కొడుక్కే అయింది," అంది. అమ్మ ఆమె ముందు కంచం పెట్టి లోపలికి పోయింది. అప్పటి నుంచి వాళ్లిద్దరి మధ్య మాటలు లేవు. ఇంకో విచిత్రం, ఆ పక్కింటి తాగుబోతు ఒకరోజు తూలుతూ వచ్చి, ఇన్నేళ్లు నా పేరు మీద తిన్నావు, నా పేరు కరాబ్ జేసినవు, అని మా వాకిట్లో నిలబడి లొల్లి పెట్టాడు. అది విన్నాక బాపమ్మకు ఏం అర్థమైందో ఏమో. ఆ ఎండాకాలం ఇంట్లో జొన్న గటక తప్ప ఏమీ లేని రోజుల్లో ఆమె నోరు మూతపడింది. కొడుకు పేరు కోసం అంత యుద్ధం చేసిన మనిషి, మళ్లీ ఆ పేరుతో కొడుకును పిలవలేదు. ఓ బిడ్డా అనే పిలిచేది. పోయేదాకా అంతే.

ఊళ్లో బతకలేక మళ్లీ గోదావరిఖనికే వచ్చి ఒక గదిలో ఉన్నాం. బాపు లారీలకు బొగ్గు ఎత్తాడు, దగ్గు ఎక్కువయ్యాక ఎవరి గోదాముకో కాపలా కాశాడు. అమ్మ ఈ మిషన్ తొక్కి మమ్మల్ని సాకింది, తర్వాత నేను తొక్కాను. సూసుకుంటం అన్న కాక ఒక్కసారి కూడా మా గది మెట్టు ఎక్కలేదు. ఆయన బావమరిది పేరుతోనే ఆఖరుదాకా పని చేసి, రిటైరై దిగిపోయాడు. ఆయన కొడుక్కు ఆ పేరు మీదే కొలువు వచ్చింది. రెండంతస్తుల ఇల్లు కట్టారు. బజార్లో కనపడితే, "బాగున్నవా బిడ్డా" అంటాడు. బాగున్న కాకా అంటాను. ఇంకేమంటాను? ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు స్టేజీ ఎక్కి మారుపేర్ల వాళ్లకు న్యాయం చేస్తామంటారు. ఆ మాట వినపడగానే నేను మిషన్ ఇంకా గట్టిగా తొక్కుతాను.

బాపు తమ్ముణ్ణి ఒక్క దెబ్బ కొట్టలేదు, ఒక్క మాట అనలేదు. కొట్టినా బాగుండేది. వాణ్ణి మంచం మీద నిలబెట్టి ఏదైనా చెప్పమని మాత్రం మళ్లీ ఎప్పుడూ అడగలేదు. వాడు కూడా చెప్పడం మానేశాడు. దారిన పోయేవాళ్లను ఆపి మాట్లాడే పిల్లవాడు, పది మందిలో ఉంటే పెదవి విప్పని మనిషి అయ్యాడు. ఇప్పుడు ఓపెన్‌కాస్టులో కాంట్రాక్టరు దగ్గర లారీ నడుపుతాడు. మా క్వార్టర్లు ఉన్న నేల మీది మట్టినే ఎత్తి పోస్తాడు. ఎక్కడన్నా తండ్రి పేరు అడిగితే నోటితో చెప్పడు, జేబులోంచి కార్డు తీసి చూపిస్తాడు.

బాపు చనిపోయాక, ఆయన దినం రోజు గోదావరి ఒడ్డుకు పోయాం. పాత లైను వాళ్లు చాలామంది వచ్చారు. అందరూ దిగిపోయినవాళ్లే, తెల్ల చొక్కాలు వేసుకుని మెట్ల మీద వరుసగా కూర్చున్నారు. కాక ముందు వరుసలోనే ఉన్నాడు, పూలదండ కూడా తెచ్చాడు. నీళ్ల దగ్గర తమ్ముడు తడి బట్టలతో పిండం ముందు కూర్చున్నాడు. కర్మ చేయించే అయ్యగారు, నువ్వులు చేతిలోకి తీసుకో, మీ తండ్రి పేరు చెప్పు, అన్నాడు.

తమ్ముడు చెప్పలేదు. కార్డు కోసం చెయ్యి జేబు దగ్గరికి పోయింది, తడి పంచెకు జేబు లేదు. అయ్యగారు మళ్లీ అడిగాడు. వాడు తల తిప్పి నా వైపు చూశాడు. గడ్డంలో తెల్ల వెంట్రుకలు వచ్చిన మనిషి, మొహం మాత్రం స్టేజీ మీద చప్పట్లు ఎందుకు ఆగిపోయాయో తెలియని పిల్లవాడి మొహమే.

"అక్కా, ఏ పేరు చెప్పాలె?" అన్నాడు.

అప్పుడు వెనక నుంచి అమ్మ చెప్పింది. పెళ్లయిన నాటి నుంచి ఒక్కసారి కూడా నోటితో అనని మొగుడి పేరు, బాపమ్మ పెట్టిన పేరు, గట్టిగా, మెట్ల మీద ఆఖరి మనిషికి కూడా వినపడేటట్టు చెప్పింది. చెప్పి, ఆ మెట్ల వైపే చూస్తూ నిలబడింది.

అదే పేరు మా తమ్ముడు అయిదేళ్లప్పుడు మైకులో చెబితే లైను లైనంతా వాడి వైపు తిరిగింది. ఆ రోజు గోదావరి ఒడ్డున మా అమ్మ చెబితే ఒక్కరూ తలెత్తి చూడలేదు.